మూడో ప్రకటనకు ఆళ్లగడ్డ ప్రయాణం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోవడం ప్రయాణం కిందికే రాదు. బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జి తిని బస్సెక్కితే, తిన్నది అరిగేలోపు ఆళ్లగడ్డలో దిగుతాం. సంఘం పని మీద చేతిసంచి పట్టుకుని ముప్పై ఏండ్లుగా ఈ చుట్టుపక్కల తిరుగుతున్నదాన్ని. పాణ్యం పోయినా, పాములపాడు పోయినా, ప్రయాణమనేది ఎప్పుడూ నా ప్రాణం మీదికి రాలేదు. వచ్చింది ఒక్కరోజే. ఆ రోజు మా బండిలో ఇంటర్నెట్టు ఉంది.

మా చెల్లెలు సుగుణ కూతురు కెజియాకు ఆళ్లగడ్డ సంబంధం కుదిరింది. పిల్లోడు ప్రభుదాసు సైన్యంలో జవాను, సెలవు మీద వచ్చి ఉన్నాడు. మా క్రైస్తవ సంఘాల్లో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు, అటు పెండ్లికూతురి గుడిలోను ఇటు పెండ్లికొడుకు గుడిలోను, పాస్టరు అయ్యగారు ఇద్దరి పేర్లూ చదువుతారు. దీన్నే ప్రకటన అంటాం. ఈ పెండ్లికి అడ్డేదైనా ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పమని అడుగుతారు. సంఘం వినాలి. విని ఊరుకోవాలి. మూడుసార్లూ ఊరుకుంటేనే పెండ్లి.

రెండు ప్రకటనలు అయిపోయినాయి. మూడోది ఆ ఆదివారం, పెండ్లి మంగళవారం. బుధవారంతో శ్రమదినాలు, అంటే ఈస్టరు ముందటి ఉపవాస దినాలు, మొదలు. ఇక ఈస్టరు దాకా మా గుళ్లలో పెండ్లిళ్లు ఉండవు. ఆ లోపల ప్రభుదాసు సెలవు అయిపోతుంది, మళ్లీ ఎప్పుడిస్తారో ఆయనకే తెలియదు. కాబట్టి ఆ ఆదివారం ఆళ్లగడ్డ సంఘం చెవిలో మూడో ప్రకటన పడి తీరాలి. మా వాడుకలో పెండ్లికూతురు ఆ గుడికి పోదు. ఆమె తరఫున తల్లి, సంఘంలో ఒక పెద్ద పోయి విని రావాలి. తల్లి సుగుణ. పెద్దను నేను.

మా అయ్యగారు నంద్యాలకూ ఆళ్లగడ్డకూ ఒక్కరే. ఇక్కడ పొద్దున ఆరాధన ముగించి అక్కడికి పోయి ఆరాధన చేస్తారు. ఎన్నో ఏండ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా సాగిన పద్ధతి ఇది. ఏ ఇబ్బందీ లేని పద్ధతిని చూస్తే కొందరికి నిద్ర పట్టదు. అట్లాంటివాడు మా జయపాల్.

జయపాల్‌కు ఫ్లెక్సీలు అచ్చువేసే అంగడి ఉంది. నలభై దాటిన మనిషి. కరోనా కాలంలో గుళ్లు మూసినప్పుడు ఫోను పెట్టి ఆరాధనను ఇండ్లకు పంపించినాడు. అప్పుడది అక్కరకొచ్చింది, కాదనను. కానీ గుడి తలుపులు తెరిచినా ఆయన ఫోను మూయలేదు. అప్పటి నుంచి తన పేరు ముందర ‘మీడియా ఇన్‌చార్జి’ అని తానే చేర్చుకుని, తన అంగట్లోనే దానికి ఫ్లెక్సీ వేసుకున్నాడు. బాప్తిస్మం తీసుకునే మనిషి నీళ్లలోంచి లేవగానే మొదట కనిపించేది ఈయన ఫోను. దేవుడు తర్వాత.

ఆ ఆదివారం మధ్యాహ్నం సంజామలలో ఒక ఇంటి ప్రతిష్ఠకు కూడా అయ్యగారు మాట ఇచ్చి ఉన్నారు. టైము చాలదేమోనని ఆయన అంటుంటే జయపాల్ అందుకున్నాడు.

“టైమేందయ్యగారూ! బండి నంద్యాలలో కదిలినప్పుడే ఆళ్లగడ్డలో ఆరాధన మొదలు. పాట, ప్రార్థన, ప్రకటన అన్నీ బండిలోంచే లైవు. ఆడ గుడ్డ కట్టి ప్రొజెక్టరు పెట్టించినా. మీరు పోయి దిగేసరికి వాక్యం చెప్పడమొక్కటే మిగిలుంటాది.”

“నడిచే బండిలోంచి ప్రకటన చదువుతారా? ఎవరన్నా లేచి అడ్డం చెప్పాలంటే ఎవరికి చెప్తారు, గుడ్డకా?” అన్నాను నేను.

“కామెంటు పెడతారక్కా.”

అయ్యగారు మంచివారు. మంచివారికి ఉండే రోగమే ఆయనకూ ఉంది, ఎవరినీ కాదనలేరు. సరేనన్నారు.

తొమ్మిదిన్నరకు గుడి ముందర బండి ఎక్కాం. డ్రైవరు మస్తాన్, గుడి వెనక వీధిలో కాపురం. మా సంఘంలో పెండ్లికైనా చావుకైనా ఆయన బండే. ఆయన నమాజు ఆయనది, మా ప్రార్థన మాది, ఎప్పుడూ మాటా మాటా రాలేదు. మస్తాన్ పక్కన అయ్యగారు కూర్చోవాలి. కానీ వెలుతురు మొహం మీద పడాలని జయపాల్ ఆయనను మధ్య సీటులో కిటికీ దిక్కుకు తిప్పి కూర్చోబెట్టబోయాడు. సీటు తిరగలేదు. ఆఖరికి అయ్యగారు నడుం తిప్పుకుని సగం పక్కకు, తెల్ల అంగీ గుండీకి మైకు తగిలించుకుని కూర్చున్నారు. వెనక సీటులో నేనూ సుగుణా. జయపాల్ ముందు సీటులో మోకాళ్ల మీద లేచి, వెనక్కు తిరిగి, ఒక చేత్తో ఫోనూ ఇంకో చేత్తో గుండ్రటి లైటూ పట్టుకున్నాడు. బయట మాఘమాసపు ఎండ కండ్లు పొడుస్తుంటే లోపల లైటు.

ఫోనుకు స్టాండు ఉండింది. అద్దానికి అతికిస్తే అయ్యలూరు మెట్ట దాటకముందే ఊడి మస్తాన్ ఒడిలో పడింది. అందుకే చేత్తో పట్టుకున్నాడు.

లైవు ఎట్లా పోతున్నదో చూడటానికి మస్తాన్ ఫోనులో కూడా అదే పెట్టించి స్టీరింగు పక్కన నిలబెట్టించాడు. అందులో మేము అరనిమిషం ఆలస్యంగా కనిపిస్తున్నాం. నేను దగ్గితే, దగ్గి మరిచిపోయినాక అందులో మళ్లీ దగ్గుతున్నాను.

“మస్తానన్నా, నలభై దాటొద్దు. వీడియో అదురుతాది.”

“నలభైలో పోతే ఎద్దులబండ్లు దాటుకోని పోతాయప్పా.”

ఎడమ పక్క దూరంగా నల్లమల కొండలు నీలంగా మాతో పాటు వస్తున్నాయి. పొలాల్లో శనగ కోతకు వచ్చింది. ఆ దారిలో పోయేవాళ్లు పోయేటప్పుడు ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చోండి, కొండలు చూస్తూ పోవచ్చు. ఆ రోజు నాకా భాగ్యం లేదు. నేను తల అటు తిప్పినప్పుడల్లా జయపాల్ “అక్కా, కెమెరా దిక్కు చూడు, విశ్వాసం కనపడాల” అంటున్నాడు.

మొదటి కీర్తన పాడాం. బండి గుంతలో పడినప్పుడల్లా నా గొంతు ఒక మెట్టు పైకి పోయింది. జయపాల్ సంతోషంగా కామెంట్లు చదివాడు. “ఆమెన్ అంటాండారు. ఇంకొకరు ఆమెన్. ఒకాయన ‘ఏ ఊరు బ్రదర్’ అంటాండాడు. చూడక్కా, లోకమంతా మనతో పాడతాంది.”

“ఏ ఊరని అడిగినోడు యాడ పాడతాండాడు?” అన్నాను.

పాట అయ్యేసరికి ఆయన చేయి లాగింది. సుగుణను ముందుకు వంగి మోచేయి పట్టుకోమన్నాడు. కూతురి పెండ్లి కదా, పాపం పట్టుకుంది. అరణ్యంలో యుద్ధం జరిగేటప్పుడు మోషే చేతులు దిగిపోకుండా ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని నిలబడ్డారు. ఆ చేతులు లేచి ఉన్నంతసేపు ప్రజలు గెలిచారు. ఈ చేయి లేచి ఉన్నంతసేపు లైకులు వచ్చాయి.

శిరివెళ్లలో బండి ఆపమన్నాడు. టవరు కనిపించిందట.

“ఇక్కడ సిగ్నలు బంగారం లెక్క ఉంది. మిగతా పాటలు ఈడ్నే కానిచ్చి పోదాం.”

నడిచే బండిలోంచి లైవు అని బయలుదేరినవాళ్లం, లైవు కోసం బండి నిలబెట్టాం. ఇంతకంటే మేధావితనం నేను చూడలేదు. టీ అంగడి ముందర, చెట్టు కూడా లేని చోట, కిటికీలు బిగించుకుని మూడు పాటలు పాడాం. అద్దాలు దించితే బయటి చప్పుడు వస్తుందట. టీ తాగే మనుషులు గ్లాసులు పట్టుకుని దగ్గరికి వచ్చి చూశారు. ఒకాయన అద్దం తట్టి మస్తాన్‌ను అడిగాడు.

“ఏందప్పా, లోపలోళ్లకు గాలాడతాందా?”

“గాలి ల్యా, నెట్టుంది” అన్నాడు మస్తాన్.

సుగుణ కొంగుతో మొహం తుడుచుకుంటూ నా చెవిలో అంది. “అక్కా, ఆలస్యమైతాంది. ఆడ జనం లేచిపోతే?” ఆళ్లగడ్డ సంఘంలో సగంమంది కూలికి పోయేవాళ్లు. శనగ కోతల కాలంలో ఆదివారమైనా మధ్యాహ్నం నుంచి పని ఉంటుంది. అట్లాంటివాళ్లను గుడ్డ మీది బొమ్మ ఎంతసేపు కూర్చోబెడుతుంది? నేను గట్టిగానే అన్నాను, బండి పోనీయమని. అయ్యగారు కూడా తలూపారు. బండి కదిలింది.

శిరివెళ్ల దాటిన కాసేపటికి అయ్యగారు ప్రార్థనకు పిలిచారు. “కండ్లు మూసుకుని, కొంతసేపు దేవుని సన్నిధిలో మౌనంగా ఉందాం” అన్నారు. మేమంతా తలలు వంచాం. జయపాల్ ఎట్లాంటివాడైనా విశ్వాసే కదా, ఫోను ఎత్తిపట్టుకునే కండ్లు మూసుకున్నాడు.

“మీరు మూసుకోండి, నేను తెరిచే ఉంటా. దేవుడు ఏమనుకోడు” అన్నాడు మస్తాన్ మెల్లగా.

మౌనం తర్వాత అయ్యగారు ప్రార్థన చేశారు. దేశం కోసం, రైతుల కోసం, రోగుల కోసం. ఆమెన్ అన్నాం. తర్వాత ఆయన కెజియా పేరూ ప్రభుదాసు పేరూ, తల్లిదండ్రుల పేర్లూ చదివి, ఇది మూడవదీ కడపటిదీ అయిన ప్రకటన అని, అడ్డేదైనా ఉంటే ఇప్పుడే తెలియజేయండని అడిగారు. సుగుణ నా చేయి పట్టుకుంది.

జయపాల్ తన ఫోనులోకి చూసి అన్నాడు. “ఎవరూ అడ్డం పెట్టల్యా. పైగా ఇద్దరు ఆమెన్ అన్నారు.”

నేను ముందుకు వంగి చూశాను. ఆ రెండు ఆమెన్లూ, వాటి కింద ‘ఏ ఊరు బ్రదర్’ కూడా అట్లే ఉన్నాయి. అవి మొదటి పాటప్పటివి.

అప్పుడు మస్తాన్ గొంతు సవరించుకున్నాడు. “అయ్యగారూ, నా ఫోన్లో మీ బొమ్మ నిలబడిపోయింది. శానా సేపాయె. మీరు కండ్లు మూసుకున్న కాడ్నే ఆగింది.”

“మరి చెప్పల్యా ఏందన్నా?” జయపాల్ అరిచాడు.

“మీరు ప్రార్థనలో ఉండారు. మధ్యలో మాట్లాడితే మర్యాద కాదని ఊరుకుంటి.”

జయపాల్ ఫోను కిటికీలోంచి బయటికి చాపాడు. పైకెత్తాడు. ఒక సిమ్ము మార్చి ఇంకో సిమ్ము పెట్టాడు. బండి ఆపించి రోడ్డు పక్కన శనగ చేనులోకి దిగి అటూ ఇటూ తిరిగాడు. కర్మేలు కొండ మీద పలకని బయలు దేవుణ్ణి పిలుస్తూ ఆయన ప్రవక్తలు పొద్దున్నుంచి గంతులు వేస్తుంటే ఏలీయా చేసిన ఎగతాళి నాకు గుర్తొచ్చింది. ఊరుకోలేకపోయాను.

“ఇంకా గట్టిగా కేకెయ్యి జయపాలూ. నీ టవరు నిద్రపోతాందేమో. లేకపోతే ఏదన్నా ప్రయాణంలో ఉందేమో.”

అయ్యగారు ఆళ్లగడ్డ గుడి పెద్ద ఆశీర్వాదమ్మకు ఫోను చేశారు. మామూలు మాటలకు మాత్రం ఫోను పని చేస్తోంది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇంకొకరికి చేశారు. ఎత్తలేదు. సుగుణ మొహం తెల్లబోయింది.

“లేచిపోయినారక్కా. అందుకే ఎత్తల్యా.”

జయపాల్ చేనులోంచి వచ్చి కొత్త ఆలోచన చెప్పాడు. “బండి వెనక్కి తిప్పు మస్తానన్నా. శిరివెళ్ల టవరు కిందికి పోయి, ప్రకటన మళ్లీ చదివితే సరిపోతాది.”

ఆళ్లగడ్డ ముందరుంది. మాట వినాల్సిన మనుషులు ముందరున్నారు. ఈయన వాళ్లతో మాట్లాడటానికి వెనక్కి పోదామంటున్నాడు. అయ్యగారు నా వైపు చూశారు, జయపాల్ వైపు చూశారు. ఎవరినీ కాదనలేని మనిషి అక్కడ చిక్కుకుపోయారు.

“ముందుకా ఎనక్కా, ఒకటి చెప్పండి” అన్నాడు మస్తాన్.

చెప్పింది సుగుణ. పొద్దున్నుంచి మోచేయి పట్టుకోవడం తప్ప ఏమీ చేయని మనిషి. “మస్తానన్నా, ముందుకు పోనీ. బేగా పోనీ. వీడియో అదిరితే అదరనీ.”

మస్తాన్ ఆ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు. జయపాల్ తలుపు వేసుకునే లోపలే బండి లేచింది. గుండ్రటి లైటు ఎక్కడో సీటు కింద దొర్లింది. ఎవరూ దాన్ని వెతకలేదు.

ఊరి మొదట్లో రాతిపనివాళ్ల కొట్టాలు వచ్చాయి. పనికి సెలవు లేనట్టుంది, రాతి దుమ్ము రోడ్డు మీదికి లేస్తోంది. బొమ్మలు చెక్కేవాళ్లు తలెత్తకుండా ఉలి కొడుతున్నారు. వాళ్ల మీద కూడా నాకు కోపం వచ్చింది. ఎంత నిబ్బరంగా పని చేసుకుంటున్నారో అని.

గుడి వీధిలోకి తిరిగాం. పాట వినిపించలేదు. మాట వినిపించలేదు. ఆదివారం ఆ టైముకు ఆ గుడి అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. అయిపోయింది అనుకున్నాను. మంగళవారం, ఈస్టరు, సెలవు, అన్నీ ఒక్కసారి లోపల తిరిగాయి. సుగుణ బండి పూర్తిగా ఆగకముందే దిగి నాలుగడుగులు వేసి నిలబడిపోయింది.

“అక్కా,” అంది. “చెప్పులుండాయి.”

గుడి మెట్ల ముందర చెప్పులు. హవాయి చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు, చిన్నపిల్లల బూట్లు, ఒక మూలగా పాలిషు చేసిన మిలిటరీ బూట్లు. వరుస తప్పకుండా, ఎవరూ కదలనట్టు.

లోపలికి పోయాం. నిండుగా జనం. అందరి తలలూ వంగి ఉన్నాయి, ఆడవాళ్ల ముసుగులు కండ్ల దాకా జారి ఉన్నాయి. ముందర తెల్లగుడ్డ మీద అయ్యగారి మొహం గోడంత. కండ్లు మూసుకుని, తల కొంచెం వంచి, మౌనంగా. నుదుటి మీద చిన్న చక్రమొకటి ఆగకుండా తిరుగుతోంది.

ఏం జరిగిందో నాకప్పుడు అర్థమైంది. మౌనంగా ఉందామన్న మాట వీళ్ల దాకా చేరింది. దాని తర్వాత ఒక్కటీ చేరలేదు. అయ్యగారు మౌనంగా ఉండమన్నారు, ఉన్నారు. మధ్యలో అనుమానమొచ్చి కండ్లు తెరిచినవాళ్లకు ఎదురుగా అయ్యగారు కండ్లు మూసుకునే కనిపించారు. సిగ్గుపడి మళ్లీ మూసుకున్నారు. ఫోన్లు మోగినా ప్రార్థనలో ఎవరెత్తుతారు?

అసలు అయ్యగారు మా పక్కన, గుడి వెనక గడపలో, తన బొమ్మను చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి ఆయనే నెమ్మదిగా అన్నారు.

“ఆమెన్.”

గుడి అంతా ఒక్కసారి “ఆమెన్” అని ఊపిరి వదిలింది. కండ్లు తెరిచి, ముందర గుడ్డను చూసి, వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది.

ఆశీర్వాదమ్మ లేచింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లు పట్టుకుని లేచింది. “ఏందయ్యగారూ ఇంత మౌనం! మీరు కండ్లు తెరవల్యా, మేమెట్ల తెరుస్తాం? ఇద్దరు ముగ్గురు చేనికి పోవాలని లేస్తాంటే నేనే కూకోబెట్టినా, ఆమెన్ అనకుండా యాడికి పోతాండారని.”

పక్కనున్న ఇంకొకామె అందుకుంది. “మా ఇంట్లో అందరి కోసం చేస్తి. పక్కింటోళ్ల కోసం చేస్తి. ఇంకెవరూ మిగలక ఆఖరికి మా తోటికోడలి కోసం గూడా చేసేస్తి!”

గుడిలో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. ఆ తోటికోడలు మూడో వరుసలోనే ఉంది. ఆమె కూడా నవ్వింది.

అయ్యగారు ముందుకు నడిచారు. జయపాల్ వెనకాలే ఫోను ఎత్తాడు. ఆశీర్వాదమ్మ చూసింది. “ఆ గుడ్డ తీయప్పా. ఇద్దరు అయ్యగార్లు మాకెందుకు?” గుడ్డ దిగింది. ఫోను కూడా దిగింది.

మూడో ప్రకటన అప్పుడు జరిగింది. అయ్యగారు పేర్లు చదివారు. అడ్డేదైనా తెలిసినవారు చెప్పమని అడిగి, తలెత్తి, వరుస వరుసా చూశారు. జనం కూడా ఒకరినొకరు చూసుకున్నారు. వెనక గోడకు ఆనుకుని ప్రభుదాసు నిలబడి ఉన్నాడు, మెడ బిగించి, చేతులు పక్కలకు పెట్టుకుని. అందరి చూపులూ ఆయన మీదికి పోయి సుగుణ మీదికి వచ్చాయి. పైన ఫ్యాను తిరిగే చప్పుడు. ఎవరో బిడ్డను సముదాయించారు. ఎవరూ లేవలేదు. ఆ ఊరుకోవడమే మాకు కావలసింది. కండ్లు తెరిచి, విని, చూసి, తెలిసి ఊరుకోవడం. దాన్ని పంపడానికి ఏ సిమ్ములోనూ చోటు లేదు.

“దేవుడు వీరిని దీవించును గాక” అన్నారు అయ్యగారు. సంఘం ఆమెన్ అంది. నా పక్కన సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆరాధన అయ్యాక జయపాల్ నా దగ్గరికి వచ్చాడు. మనిషికి సిగ్గు ఉంటుందేమోనని చూశాను. “చూసినావా అక్కా! నా లైవు లేకపోతే వీళ్లంతా ఎప్పుడో లేచిపోయేటోళ్లు.”

“నీ లైవు చచ్చింది కాబట్టి కూర్చున్నారు. సమ్సోను మాదిరి బతికుండి చేయలేని పని చచ్చి చేసింది” అన్నాను. ఆయన లైటు వెతుక్కోవడానికి బండి దగ్గరికి పోయాడు.

అయ్యగారూ జయపాలూ మస్తాన్ బండిలో సంజామల పోయారు. పెండ్లికొడుకు ఇంట్లో మాకు అన్నం పెట్టారు. శ్రమదినాలకు ముందటి ఆదివారం కదా, మాంసం వండారు, రాగిసంగటి కూడా చేశారు. తిని, మధ్యాహ్నం ఎండ కొంచెం వాలినాక ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సెక్కాం. ఈ దారిలో నంద్యాలకు బస్సుల కొరత లేదు. ఎవరైనా పోదలిస్తే నా మాట ఇది. ఆర్టీసీ బస్సులో పోండి. అది నలభైలో పోదు, టవరు దగ్గర ఆగదు, మీ విశ్వాసం కనపడిందా లేదా అని కండక్టరు అడగడు. తిరుగు ప్రయాణంలో కొండలు కుడి పక్క ఉంటాయి. ఆ పూట అవి తీరిగ్గా చూశాను.

శిరివెళ్ల దగ్గర సుగుణ ఫోను మోగింది. కెజియా. పొద్దున్నుంచి ఇంట్లో ఆ ఆగిపోయిన బొమ్మనే చూస్తూ కూర్చున్నదట. మేము గుడిలోంచి బయటికి రాగానే అంతా బాగా జరిగిందని సుగుణ ఫోనులో ఒక ముక్క చెప్పింది. పిల్లకు అది చాలలేదు. గొంతు నా దాకా వినిపిస్తోంది.

“అమ్మా, ఎవరన్నా అడ్డం చెప్పినారా?”

“ఎవరూ చెప్పల్యా.”

“అందరూ విన్నారా?”

“విన్నారు.”

“ఆమెన్ ఎట్లన్నారు? గట్టిగా అన్నారా? ఆయన యాడుండె అప్పుడు?”

సుగుణ నోరు తెరిచింది. చెప్పబోయింది. కిటికీలోంచి బయటికి చూసింది. శిరివెళ్ల టవరు పక్కనే, నెత్తి మీద, సిగ్నలు బంగారంలా ఉండి ఉంటుంది.

“ఇంటికొచ్చి చెప్తా” అని ఫోను సంచిలో వేసుకుంది.